తాళం తీసిన ఫైలు

సంగీత జిరాక్స్ షాపు షట్టర్ ఎత్తేసరికే లాలి వచ్చి మెట్టు మీద కూర్చుని ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, పాదాలకు తెల్లగా సున్నం. మార్చి ఎండలో ఆరు కిలోమీటర్లు నడిచి వచ్చిన మనిషి ముందు మంచినీళ్ళు అడగాలి. ఆమె అడగలేదు. కవరు చాపింది.

"సున్నం గీత గీసిన్రు బిడ్డా. నా చేను నడిమిట్ల నుంచి."

"ఎవరు యాడీ?"

"ఎవరైతరు? ఫారెస్టోళ్ళు. శనివారం మిషన్ తెస్తరంట. కందకం తవ్వుతరంట. నా పేరు లిస్టుల లేదంట."

తండాలో పెద్ద ఆడవాళ్ళను సంగీత యాడీ అనే పిలుస్తుంది, అమ్మా అని. లాలి సొంత తల్లి కాదు గానీ, తల్లి మిరపకోతకు పోయిన రోజుల్లో ఈమె ఇంట్లోనే జొన్నరొట్టె తిని బడికి పోయింది. కవరులో నోటీసు తీసి నిలబడే చదివింది. పోడు పట్టాల జాబితాలో పేరు లేనివాళ్ళకు శుక్రవారం భద్రాచలంలో ఆఖరి విచారణ. అప్పట్లో దరఖాస్తు ఇచ్చినట్టు రుజువు తేవాలి. రుజువంటే రసీదు. రసీదులన్నీ తండా పెద్ద నాయక్ హరిలాల్ ఇంట్లో ఇనప పెట్టెలో ఉండేవి. తండాలో ఏ కాగితమైనా అంతే, బ్యాంకుదైనా బడిదైనా నాయక్ పెట్టెలోకి పోవాల్సిందే. ఆ తర్వాతి ఏడాది వాగు పొంగి పెట్టె మునిగింది. మూడు రోజులకు తెరిస్తే కాగితాలన్నీ కలిసి ఒకే ముద్ద.

"నీ పేరు నేనే కొట్టిన యాడీ," అంది సంగీత. అప్పట్లో మండలాఫీసులో మూడు నెలలు కాంట్రాక్టు ఆపరేటర్‌గా చేసింది. "బానోత్ లాలి, భర్త సోమ్లా, మూడెకరాల పది గుంటలు. ఈ చేతులతోనే కొట్టిన. నాకు యాది లేదా?"

"మరి ఏడికి వోయింది? లిస్టుల లాలి ఉంది గదా సారూ అని అడిగిన. ఆ లాలి వేరే, వాగు లాలి, ఆమెకు పట్టా వచ్చింది అన్నరు."

"చూసినవా తెలివి! ఒక లాలిని ఉంచి ఒక లాలిని ఎగరగొట్టిన్రు."

సంగీతకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అది ఊరందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు, తగ్గించుకుందామని ఎప్పుడూ అనుకోలేదు. పదింటికల్లా షాపులో ఉన్న ఎనిమిది మందికీ సంగతి తెలిసింది. లాలి చేనుకు ఆనుకుని ఉన్న మిరపతోట జయప్రకాశ్‌ది. పెనుబల్లి వైపు నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్న కుటుంబం. ఇంకెవరు తీయిస్తారు? జాబితా చేసిన సీనియర్ అసిస్టెంట్ ప్రమీలారాణి కంప్యూటరులో ఫైలుకు తాళం వేసి, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకుండా రిటైరై పోయింది. తాళం ఎందుకు వేసినట్టు? సంగీత ఫోను తీసి తండా గ్రూపులో పెట్టేసింది. "లాలి యాడి పేరు నేను ఎక్కించిన. ప్రమీలారాణి మేడం తీసి తాళమేసింది. ఎవరికి అమ్ముడువోయిందో శుక్రవారం లోపల తెలుస్తది." నిమిషంలో నలభై బొటనవేళ్ళు లేచాయి.

సరిగ్గా అప్పుడే జయప్రకాశ్ పాసుపుస్తకం పట్టుకుని వచ్చాడు. రెండు జిరాక్సులు కావాలన్నాడు.

"మిషన్ పనిచేస్తలేదు," అంది సంగీత. వెనక మిషను వేడిగా గురగురమంటోంది. అతను మిషను వంకా ఆమె వంకా చూసి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం మండలాఫీసుకు పోయింది. ఇప్పుడు ప్రమీలారాణి సీట్లో ఉన్న నాగలత మంచి పిల్ల. సమాచార హక్కు దరఖాస్తు తీసుకుని, పది రూపాయల రసీదు చింపి, ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చింది.

"ఇది పైపైన చూసుడే అక్కా, మొత్తం తెరిచేది లేదు. లోపల లాక్ ఉంది. పాస్‌వర్డ్ ప్రమీలారాణి మేడంకే ఎరుక."

"చూద్దాం తియ్యి."

బయట వేపచెట్టు నీడలో లాలి కూర్చుని ఉంది. పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నా చేను గిండ్ల ఉందా?"

"ఉంటది యాడీ. తీస్త."

"ఎవరు తీసిన్రో ఆ పేరు గూడ దొరకవట్టు బిడ్డా. మొఖం చూసి అడుగుత."

*

మంగళవారం షాపు తెరిచినా మూసి ఉంది అన్న బోర్డు తిప్పలేదు. కరెంటు ఉన్నప్పుడే పని కానివ్వాలి. సంగీత ఫైలు తెరిచింది. మామూలుగానే తెరుచుకుంది. రెండు వందల అయిదు పేర్లు, తండ్రి లేదా భర్త, ఊరు, ఆధార్, విస్తీర్ణం. కింద షీటు పేరు ఉండే చోట చూసి ఆగిపోయింది. అక్కడ షీట్ వన్ అని ఉండాలి. షీట్ వన్, పక్కన బ్రాకెట్లో రెండు అని ఉంది. ఒక షీటును కాపీ చేస్తే కంప్యూటరు తనంతట తాను పెట్టే పేరు అది. మరి అసలు షీటు ఏది? కుడి బటన్ నొక్కి చూసింది. దాచిన షీటును బయటకు తెచ్చే మాట బూడిదరంగులో, నొక్కినా కదలకుండా ఉంది. తాళం ఉన్నది అక్కడన్నమాట.

"దొంగ మొఖందానా," అంది సంగీత. ప్రమీలారాణిని అందో కంప్యూటరును అందో ఆమెకే తెలియదు.

పాస్‌వర్డ్ తెలియకపోతే ఏం? ఈ ఎక్సెల్ ఫైలనేది నిజానికి ఒక మూట. లోపల చిన్నచిన్న ఫైళ్ళు కట్టి ఉంటాయి. అప్పు కాగితాలూ మార్కుల లిస్టులూ లాక్ చేసుకుని మర్చిపోయిన వాళ్ళకు ఆమె ఈ పని చాలాసార్లు చేసి పెట్టింది. కొత్త సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు, కంప్యూటరుతో పాటు వచ్చినవే చాలు. ముందు ఫైలుకు ఒక కాపీ తీసింది. కాపీ పేరు చివర ఎక్స్ఎల్ఎస్ఎక్స్ అన్న అక్షరాలు చెరిపి జిప్ అని కొట్టింది. పేరు మారిస్తే ఫైలు చెడిపోవచ్చని కంప్యూటరు బెదిరించింది. ఫరవాలేదు అని నొక్కింది. బొమ్మ మారి, ఫైలు కాస్తా మామూలు ఫోల్డరులా తెరుచుకుంది. లోపల వర్క్‌బుక్ అనే చిన్న ఫైలును బయటకు లాగి నోట్‌ప్యాడ్‌లో తెరిచింది. ఊపిరి తీసుకోకుండా మాట్లాడే మనిషిలా మొత్తం ఒకటే పొడుగు వాక్యం. అందులో ప్రొటెక్షన్ అన్న మాట వెతికి, దాని ముందున్న కోణం గుర్తు నుంచి వెనకున్న కోణం గుర్తు దాకా ఎంచి చెరిపేసింది. ఇంకాస్త ముందుకు పోతే షీట్ వన్ అని ఉంది. దాని పక్కన, దాచినది అని ఒక మాట. అదీ చెరిపింది. సేవ్ చేసి, ఆ చిన్న ఫైలును మళ్ళీ మూటలోకి తోసింది. పాతదాని మీద పెట్టమంటావా అని కంప్యూటరు అడిగింది. పెట్టు. జిప్ తీసేసి పాత అక్షరాలు కొట్టింది.

తెరిచింది. కింద ఇప్పుడు రెండు షీట్లున్నాయి.

అసలు షీటులో రెండు వందల పన్నెండు పేర్లు. వేలు తెర మీద పెట్టి ఒక్కొక్కటే దిగింది. బానోత్ లాలి, భర్త సోమ్లా. ఆ కిందే బానోత్ లాలి, భర్త సోమ్లా, మూడెకరాల పది గుంటలు. ఇంకో నాలుగు వరసల కింద మళ్ళీ బానోత్ లాలి, భర్త సోమ్లా. సంగీతకు సంతోషంతో నవ్వు వచ్చింది. దొరికింది. వాగు లాలి, మన లాలి, టైలర్ లాలి, ముగ్గురూ ఉన్నారు. తండాలో తాతల పేర్లు మనవలకు పెట్టుకుంటూ పోయి ఒక్కో పేరుకు ముగ్గురు నలుగురు తేలడం మామూలే, మొగుళ్ళ పేర్లూ అంతే. అందుకే తండాలో ఎవరూ ఉత్త పేరుతో పిలవరు.

పోయిన ఏడు పేర్లూ కాగితం మీద రాసుకుంది. ఇద్దరు లాలిలు. గుగులోత్ లాలు. మరో నలుగురు. లాలు పేరు దగ్గర పెన్ను ఆగింది. లాలు చేలో నిరుడే కందకం కొట్టి మొక్కలు నాటేశారు. అతనిప్పుడు హైదరాబాదులో ఏదో అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్. పెళ్ళాం సోమ్లి ఇక్కడే కూలికి పోతోంది.

ఇక దొంగ పేరు కావాలి. అదీ ఆ మూటలోనే ఉంటుంది. ఫైలు ఎవరు మొదలుపెట్టారు, చివరిసారి ఎవరు మార్చి సేవ్ చేశారు అన్నది లోపల ఒక మూల రాసి ఉంటుంది. సంగీత మళ్ళీ జిప్ చేసింది. ఆ ఫైలు వెతికి నోట్‌ప్యాడ్‌లో తెరిచింది. మొదలుపెట్టినవారు, ప్రమీలారాణి. చివరిసారి మార్చినవారు, సంగీత.

అర్థం కాలేదు. ఇందాక తను తెరిచినందుకు తన పేరు పడిందేమో అనుకుంది. కాదు, తను ఎక్సెల్‌లో సేవ్ చేయలేదు. పైగా షాపు కంప్యూటరు పేరు వేరు. పెన్‌డ్రైవ్‌లో ముట్టుకోని అసలు ఫైలును కాపీ చేసి, దాన్నీ విప్పి చూసింది. సంగీత. పక్కనే తేదీ, డిసెంబరు పద్నాలుగు. టైము మధ్యాహ్నం మూడు దాటి.

డిసెంబరు పద్నాలుగు.

ఆ రోజు బాగా గుర్తుంది ఆమెకు, ఎందుకంటే ఆ రోజు తనను అందరూ మెచ్చుకున్నారు. పదకొండు ఊళ్ళ జాబితాలు, సాయంత్రం లోపల పైకి పంపాలి. రెండేసిసార్లు ఎక్కిన పేర్లు తీయమన్నారు. మిగతా వాళ్ళు స్కేలు పెట్టుకుని వరసలు చూస్తుంటే, ఇట్ల కాదు సార్ అని తను ముందుకు వచ్చింది. ఎక్సెల్‌లో ఒకటే బటన్ ఉంటుంది, రిపీటయినవి తీసేసేది. పేరు, తండ్రి లేదా భర్త, ఊరు, ఈ మూడు గడులకు టిక్కు పెట్టింది. ఆధార్ గడికి టిక్కు తీసేసింది, సగం మంది నంబర్లు అప్పటికి ఎక్కలేదు మరి. ఓకే నొక్కింది. ఏడు రిపీటెడ్ దొరికాయి, తీసేశాం అని చిన్న పెట్టె వచ్చింది. ఏ ఏడు అని చూడలేదు. వరస నంబర్లు ఒకటి నుంచి కొత్తగా లాగింది. తరవాతి ఊరు తెరిచింది. గంటన్నరలో పదకొండు ఊళ్ళు అయిపోయాయి. ఆఫీసులో మిరపకాయ బజ్జీలు తెప్పించారు.

బయటి మనిషి చేస్తే ఒక లెక్క. ముగ్గురు లాలిల గుమ్మాలూ ఎరిగిన మనిషి, ఒక లాలి చేతి రొట్టె తిని పెరిగిన మనిషి, వాళ్ళను రిపీటెడ్ అని తీసేసింది.

సంగీత కుర్చీలోంచి లేచి, ఎందుకు లేచిందో తెలియక మళ్ళీ కూర్చుంది. నోట్‌ప్యాడ్‌లో తన పేరు అలాగే ఉంది. కర్సర్‌ను దాని చివర పెట్టింది. వెనక్కి చెరిపే మీట నొక్కుతూ పోయింది. ఇంగ్లీషులో తొమ్మిది అక్షరాలు, తొమ్మిది నొక్కులు. అక్కడిప్పుడు ఏ పేరైనా కొట్టవచ్చు. కర్సర్ ఆ ఖాళీలో మిణుకుమిణుకుమంటూ నిలబడింది.

"ఇయాల మిషన్ బాగయిందామ్మా?"

జయప్రకాశ్. అదే పాసుపుస్తకం. సంగీత నోట్‌ప్యాడ్ మూసింది. మార్చింది సేవ్ చేయమంటావా అని కంప్యూటరు అడిగింది. వద్దు అని నొక్కింది. లేచి పాసుపుస్తకం అందుకుని, అద్దం తుడిచి, పేజీలు తిన్నగా పెట్టి రెండు జిరాక్సులు తీసింది. అతని మొఖం చూడలేకపోయింది.

*

"మంచిగనే తెరిచినవు గానీ ఏం లాభం అక్కా?" అంది నాగలత, బుధవారం పొద్దున ఆఫీసు వరండాలో. "తాళం నువ్వే తీసినవ్. ఆ పేర్లు గూడ నువ్వే రాసినవంటరు. ఆఫీసు కాపీని పాస్‌వర్డ్ కొట్టి అందరి ముందు తెరవాలె. గప్పుడే నమ్ముతరు."

"మేడం ఏడుంటది?"

"పెనుబల్లి. నువ్వు పోతవా? గ్రూపుల గంత రాసినంక?"

కొత్తగూడెంలో బస్సు మారి సంగీత పెనుబల్లి చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. బస్సులో ఏమేం చెప్పాలో వరసగా అనుకుంటూ వచ్చింది. గేటు తీసేసరికి అవన్నీ పోయాయి. ప్రమీలారాణి వరండాలో పీట వేసుకుని చింతపండు గింజలు తీస్తోంది. కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంది.

"కూర్చో అమ్మా. నీ మెసేజ్ నాకూ చేరింది. ముప్పై నాలుగేళ్ళు చేశాను. ఎవరికి అమ్ముడుపోయానో నువ్వన్నా చెప్తావని చూస్తున్నాను."

సంగీత కూర్చోలేదు. బ్యాగులోంచి ప్రింటు తీసి, పసుపు గీతలు గీసిన ఏడు పేర్లు కనబడేలా పీట పక్కన పెట్టింది.

"నేనే తీసిన మేడం. రిపీటెడ్ అని నొక్కిన ఆ రోజు. మీకు యాదుంటది. బజ్జీలు తెప్పిచ్చిన్రు."

ప్రమీలారాణి కళ్ళజోడు పైకి తోసుకుంది. చేతికి చింతపండు అంటుకుని ఉంటే, కాగితానికి అంటకుండా మోచేత్తో దగ్గరకు లాక్కుంది. చాలాసేపు చదివింది.

"లాలి, లాలి, లాలి," అంది చివరికి. "ముగ్గురా?"

"ముగ్గురు మేడం."

"అయ్యో... ఆ తర్వాత గ్రామసభలో పేర్లు చదివాం కదే. నేను అక్కడే ఉన్నాను. హరిలాల్ చదువుతుంటే నేను టిక్కులు పెట్టాను. లాలి అన్నాడు. అవ్ అన్నారు. టిక్కు పెట్టాను." ఆగింది. "ముగ్గురూ ఒక్కసారే అని ఉంటారు. నాకు ఒక్కటే అవ్ వినబడింది."

సంగీతకు ఆ సభ గుర్తొచ్చింది. తనూ ఉంది, వెనక నిలబడి మజ్జిగ ప్యాకెట్లు పంచుతూ. పేరు పిలిస్తే అవ్ అనాలి, అంతే. ఎవరి పేరు వాళ్ళు విన్నారు, ఎవరి అవ్ వాళ్ళు అన్నారు, నిమ్మళంగా ఇళ్ళకు పోయారు. టైలర్ లాలికి ఇంకా సున్నం గీత రాలేదు. రెండో విడతలో పట్టా వస్తుందని ఇప్పటికీ ఎదురు చూస్తోంది.

"మరి అసలు షీటు మీరెందుకు దాచిన్రు మేడం?"

"నా అలవాటమ్మా. ఎవరి చేతికైనా కాగితం ఇచ్చే ముందు ఒక నకలు దాచుకుంటాను. ఆ రోజు నీ చేతికి ఇచ్చే ముందు అసలు దాచి తాళం వేశాను." చింతపండు ముద్దను గిన్నెలో వేసి చేతులు చూసుకుంది. "దాచానే గానీ మళ్ళీ తీసి చూశానా? లేదు. సంతకాలు పడ్డాయి కదా అనుకున్నాను. ఇందులో నాకూ వాటా ఉంది."

"పాస్‌వర్డ్ చెప్పుండ్రి మేడం. నేను పోయి..."

"చెప్పను. నీకు చెబితే మళ్ళీ నువ్వే రాసుకున్నావంటారు. ఎల్లుండి నేనే వచ్చి కొడతాను."

సంగీతకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని ఫోను తీసింది. "ఆ మెసేజ్ ఇప్పుడే తీసేస్త మేడం."

"తీయకు," అంది ప్రమీలారాణి గట్టిగా. "తీసేయడం నీకు బాగా అలవాటైనట్టుంది. అది అక్కడే ఉండనీ. దాని కింద ఇంకోటి రాయి."

"రాస్త. ముందు లాలి యాడికి నోటితో చెప్పాలె."

*

గురువారం లాలి చేలో పత్తి కట్టె పీకుతోంది. పక్కనే సోమ్లి, కూలికి వచ్చింది. కట్టె కింద చేత్తో పట్టి, ఒక్క గుంజు గుంజి, వేరుకు అంటిన మట్టి మోకాలికి కొట్టి దులిపి పక్కన వేస్తున్నారు. సున్నం గీత చేను నడుమ నుంచి సాఫుగా పోయింది. ఇద్దరూ గీత దాకా వచ్చి, దాటి, అవతల కూడా పీకుతూనే ఉన్నారు.

సంగీత చెప్పులు గట్టు మీద విడిచి లోపలికి వచ్చింది.

"దొరికిందా బిడ్డా?" అంది లాలి నడుము ఎత్తకుండానే.

"దొరికింది యాడీ. నీ పేరు ఉంది. రేపు మేడం వచ్చి అందరి ముందు తెరుస్తది."

లాలి నడుము ఎత్తింది. కొంగుతో మొఖం తుడుచుకుంది. నవ్వబోయి, సంగీత మొఖం చూసి ఆగింది.

"మరి తీసింది ఎవరంట?"

"నేనే."

సంగీత ఆపకుండా చెప్పింది. బటన్ సంగతి, మూడు టిక్కుల సంగతి, పోయిన ఏడుగురి సంగతి, అందరూ మెచ్చుకున్న సంగతి. లంబాడీలో మొదలుపెట్టింది గానీ ఆ మాటలకు లంబాడీలో మాటలు లేక తెలుగూ ఇంగ్లీషూ కలిపింది. లాలి వింటూ సున్నం గీతను బొటనవేలితో రాస్తూ ఉంది.

"ఒత్తితే పోయినమా?" అంది చివరికి.

"అవ్ యాడీ."

"ఎన్నిసార్లు ఒత్తినవ్?"

"ఒక్కసారే."

లాలి తల ఊపింది. వంగి ఇంకో కట్టె పట్టుకుంది. పట్టుకుంది గానీ పీకలేదు.

"ఈ చేను బండలు ఏరుడుకు నాకు ఆరేండ్లు పట్టింది," అంది. "సోమ్లా ఉన్నప్పటి సంది. గిప్పుడు గీ కట్టె గూడ ఒక్క గుంజుకు వస్తలేదు చూడు."

తిడుతుందేమో అనుకుంది సంగీత. తిట్టి ఉంటే బాగుండేది. లాలి ఆమె వైపు చూడకుండా, చెంబులో నీళ్ళున్నయి తాగు అంది. సంగీత తాగలేదు. వంగి పక్క సాలులో కట్టె పీకడం మొదలుపెట్టింది. అలవాటు తప్పిన అరచేతులు పది కట్టెలకే ఎర్రబడ్డాయి.

సోమ్లి సాలు చివరికి వచ్చాక వెనక్కి తిరిగింది.

"ఏడుగురు అన్నవ్ గదా అక్కా. మా ఆయన గూడ ఉన్నడా అండ్ల?"

"ఉన్నడు."

సోమ్లి మళ్ళీ సాలులోకి పోయింది. సాయంత్రం దాకా పీకుతూనే ఉంది. ఆ రోజే సంగీత గ్రూపులో పాత మెసేజ్ కింద కొత్తది రాసింది. ఎవరూ ఏ బొమ్మా పెట్టలేదు. హరిలాల్ మాత్రం, రేపు పొద్దుగాల ఏడు గంటల బస్సు, అందరం పోదాం అని రాశాడు.

*

విచారణ హాల్లో ఫ్యాను తిరుగుతున్నా అందరికీ చెమటలే. విచారణ అధికారి పెద్ద వయసువాడేమీ కాదు, ఓపిక ఉన్న మనిషిలాగే కనబడ్డాడు. నాగలత ఆఫీసు ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి ఫైలు తెరిచింది. ప్రమీలారాణి నల్లగా చింతపండు మరకలు పట్టిన వేళ్ళతో, ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, ఎవరికీ కనబడకుండా పాస్‌వర్డ్ కొట్టింది. మొదటిసారి తప్పు పడింది. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ కొట్టింది. దాచిన షీటు బయటకు వచ్చింది. ఏడు పేర్లూ వాటి వాటి చోట్లలో ఉన్నాయి.

అధికారి రెండు షీట్లూ పక్కపక్కన పెట్టించి వేలితో చూసుకున్నాడు.

"పేర్లు ఉన్నాయి, సరే. ఎట్ల పోయాయి? ఎవరో కావాలని తీస్తే అది వేరే కేసు. ఎవరు తీశారు?"

ప్రమీలారాణి సంగీత వైపు చూడలేదు.

"నేను సార్," అంది సంగీత. లేచి నిలబడింది. "అప్పుడు ఆపరేటర్‌ను. రిపీటెడ్ అనుకొని తీసిన. ఫైల్ల నా పేరు, తేదీ ఉన్నయి, చూడుండ్రి."

"రాసి సంతకం పెడతావా? దీని మీద తర్వాత నిన్ను పిలుస్తారు. ఆఫీసు పనులు నీ షాపుకు రావడం ఆగిపోవచ్చు."

"పెడత."

తెల్లకాగితం మీద రాసింది. ఏడు పేర్లూ రాసింది, పక్కన ఏ లాలి ఎవరో కూడా రాసింది. గుట్ట కింద చేను లాలి. టైలర్ లాలి. ఆధార్ నంబర్లు నాగలత కార్డులు చూసి చదువుతుంటే వేసింది. మిగతా పది ఊళ్ళ జాబితాలూ ఇట్లాగే చేసినట్టు చివర రాసింది. అరచేయి నిన్నటి బొబ్బలతో మండుతుంటే పెన్ను సరిగా ఆగలేదు.

అధికారి ఆ కాగితాన్ని ఫైలులో పెట్టి, ఫారెస్టు రేంజర్‌తో పక్కకు పోయి మాట్లాడి వచ్చాడు. మళ్ళీ సర్వే అయ్యే వరకు శనివారం మిషను రాదు, కందకం లేదు అన్నాడు. ఆరు పేర్లు చదివాడు. ఈసారి హరిలాల్ లేచి, ఒక్కొక్కరే నిలబడి చెయ్యెత్తండి అని లంబాడీలో అరిచాడు. గుట్ట కింద చేను లాలి అంటే లాలి ఒక్కతే లేచింది. అవ్ అంది. టైలర్ లాలి అంటే టైలర్ లాలి లేచింది.

"ఏడోది?" అంది ప్రమీలారాణి.

"గుగులోత్ లాలు," అన్నాడు అధికారి, గొంతు తగ్గించి. "అక్కడ ప్లాంటేషన్ అయిపోయిందమ్మా. మొక్కలు మనిషెత్తు పెరిగాయి. అది నా చేతిలో లేదు. పైకి రాస్తాను."

బయటకు వచ్చారు. గోదావరి మీంచి వేడిగాలి వస్తోంది. లాలి చెట్టు కింద కూర్చుని, రొట్టెల మూట విప్పి అందరికీ పంచింది. సంగీత చేతిలోనూ ఒకటి పెట్టింది. సంగీత దాన్ని చేతిలో పట్టుకుని నిలబడింది.

సోమ్లి దగ్గరికి వచ్చింది.

"అక్కా, పైకి రాస్త అన్నడు గదా. అంటే మా ఆయనను రమ్మనాల్నా? వాచ్‌మన్ పని ఇడిసిపెట్టి రమ్మనాల్నా, వద్దా?"

సంగీత ప్రమీలారాణి వైపు చూసింది. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది.

"లిస్టుల తన పేరే లేదని, మన నాయకే రాయించలేదని, ఊరి మీద అలిగి పోయిండు," అంది సోమ్లి. "పోయినప్పటి సంది హరిలాల్ మామతోని మాట్లాడలే. రాయించిన్రు అని నేను చెప్తే నమ్మడు. నువ్వు చెప్పు."

తన చిన్న ఫోనులో నంబరు నొక్కి, మోగుతుండగానే సంగీత చేతిలో పెట్టింది. రొట్టె ఒక చేతిలో, ఫోను ఒక చేతిలో. అటు వైపు మూడుసార్లు మోగింది. నాలుగోసారి ఎత్తారు. వెనక ఎక్కడో గేటు తీసిన చప్పుడు, కారు హారను.

"సోమ్లీ?"

సంగీత ఫోనును చెవికి గట్టిగా ఆనించుకుంది.

"హలో, ఎవరు?" అన్నాడు లాలు. "ఎవరు మాట్లాడేది?"

"నేను అన్నా," అంది. "సంగీతను."